కిందగేరి వాటాకు వచ్చిన పుస్తకం

బెంగళూరు,
12 ఫిబ్రవరి 2009

చిన్నాయనకు చౌడేశ్వరి నమస్కారాలు.

ఫోన్ చేస్తే రెండు సార్లు "ఊఁ" అని మూడోసారి పెట్టేస్తావు. సిగ్నల్ లేదంటావు. సిగ్నల్ కాదు, నీకు ఓపిక లేదు. అందుకే ఈ ఉత్తరం. చిన్నమ్మ మోకాళ్లకు నేను పంపిన నూనె రాస్తున్నారా, లేక బీరువాలో దాచారా?

నా కొత్త ఉద్యోగం గురించి అడిగావు. మా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో పాత పుస్తకాలను పేజీ పేజీ ఫోటోలు తీసి కంప్యూటర్లో పెట్టే విభాగం ఒకటుంది. అందులో వేశారు నన్ను. విశేషం అది కాదు. దేశదేశాల్లో పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు తమ దగ్గరున్న పుస్తకాలను ఇలాగే ఫోటోలు తీసి, అన్నీ ఒకేచోట పోస్తున్నాయి. ఊళ్లో అందరి ఇళ్ల ధాన్యమూ ఒకే గాదెలో పోసినట్టు. పాతబడి హక్కులు తీరిపోయిన పుస్తకాలైతే ఎవరైనా, ఎక్కడినుంచైనా చదువుకోవచ్చు. మన తెలుగు పుస్తకాలు కూడా ఎప్పుడో కొనుక్కుపోయి దాచారు వాళ్లు. ఇక్కడ చెదలు తిన్నవి అక్కడ పదిలంగా ఉన్నాయి.

మొన్న అందులో వెతుకుతుంటే ఏం కనపడిందో చెప్పనా? "ఓడరేవు కావలి". మద్రాసులో అచ్చయిన నవల. చిన్నప్పుడు నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని చదివి వినిపించావే, అదే. రంగూన్ పోయే ఓడ తుఫానులో చిక్కుకుంటుంది, శేషాద్రి తెరచాప తాడు పట్టుకుని వేలాడుతుంటాడు, అక్కడ పుస్తకం అయిపోతుంది. "తర్వాత ఏమైంది చిన్నాయనా?" అని నేను ఏడిస్తే, "తర్వాతది కిందగేరిలో ఉంది, పండుకో" అనేవాడివి.

ఇక్కడ రెండు సంపుటాలూ ఉన్నాయి. ఒక పేజీలో ఫోటో తీసిన మనిషి వేలు కూడా పడింది, గులాబీ రంగు రబ్బరు తొడుగుతో. ఏ దేశపు ఆడకూతురో, నాలాంటిదే అయ్యుంటుంది. నేనింకా రెండో సంపుటం తెరవలేదు. నీకంటే ముందు చదివితే నువ్వు ఊరుకోవు కదా! కాగితాల మీద అచ్చు తీసి పంపనా?

నీ బిడ్డ,
చౌడేశ్వరి


ఎర్రబోడుపల్లె, జమ్మలమడుగు తాలూకా,
24 ఫిబ్రవరి 2009

చౌడీ,

నీ చిన్నమ్మ నూనె రాసుకుంటోంది, మోకాళ్లకు కాదు, తలకు. వాసన బాగుందట. నా ఆరోగ్యానికి ఢోకా లేదు. ఈ ఏడు వేరుశనగ బుడ్డలు బాగా పండాయి, గొర్రెలు బలిశాయి, నేనూ బలిశాను.

నీ ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. ఆ పుస్తకం భూమ్మీద ఇంకొకటి ఉందని నేను కలలో కూడా అనుకోలేదు.

పంపకాలప్పుడు నువ్వు చంటిపిల్లవు. జరిగింది చెబుతాను విను. మన ఊరి గ్రంథాలయం మిషన్ బడి దేవపాలు అయ్యవారు పెట్టింది. ఆయన పోయాక నేనూ, దర్జీ హబీబుల్లా చూసుకునేవాళ్లం. నేను పుస్తకాలు తెచ్చేవాణ్ణి, చిరిగినవి అతడు కుట్టేవాడు. చొక్కాకైనా పుస్తకానికైనా అతడి కుట్టు విప్పడం ఎవరితరమూ కాదు. ఎనభై మూడులో పార్టీలు వచ్చి ఊరు రెండు వీధులుగా, మన పైగేరి ఒకటి, కిందగేరి ఒకటిగా చీలింది. జమ్మలమడుగు నుంచి పెద్దమనుషులు వచ్చి అన్నీ పంచారు. బావి వంతులు పంచారు, కళ్లం పంచారు, భజన సామాను పంచారు. తాళాల జతలో ఒకటి మనకు, ఒకటి వాళ్లకు. చివరికి పుస్తకాలు కుప్ప పోసి ఒకటి ఇటు, ఒకటి అటు వేశారు. "ఈ రెండూ జత సంపుటాలు, విడదీయొద్దు" అని నేనూ హబీబుల్లా ఇద్దరమూ మొత్తుకున్నాం. "మల్లా మొదుట్నించి ఎంచాల్నంటే పొద్దుగూకుతాది, గమ్మునుండప్పా" అన్నారు.

అలా మొదటి సంపుటం పైగేరికి, రెండోది కిందగేరికి పోయింది. ఆ జత ప్రొద్దుటూరు పాతపుస్తకాల అంగట్లోంచి ఆ వారమే తెచ్చాను. ఇద్దరమూ చదవనే లేదు. ఆనాటి నుంచి నాకు మొదలు తెలుసు, అతడికి చివర తెలుసు. పైగేరిలో నేను ముగింపు నాకు తోచినట్టు చెప్పాను. ఒక ఏడు ఓడ ముంచాను, ఒక ఏడు తేల్చాను. కిందగేరిలో అతడు మొదలు అల్లాడని విన్నాను. నాయిక అనాథ అట! ఎంత ధైర్యం! ఓడరేవు కావలివాడే ఆమె తండ్రి కదా!

ఇప్పుడు నా ప్రశ్నలకు జవాబు రాయి. ఆ గాదెకు పెద్ద ఎవరు, ఏ పార్టీ? ఆ రెండో సంపుటం ఎవరి పేరున ఉంది? మన గ్రంథాలయంలో ఒకరు తీసుకుపోతే తెచ్చేదాకా ఇంకొకరికి లేదు. ఇది కూడా అంతే కదా? అయితే ఇంకెవరో తీసుకుపోకముందే పట్టుకో. పేరు రాయించాల్సి వస్తే ముందు నన్ను అడుగు, నీ ఇష్టం వచ్చిన పేరు రాయించకు. ఈ సంగతి కిందగేరికి పొక్కకూడదు. హబీబుల్లా కూతురు, ఆ దిల్షాద్‌బీకి అసలే చెప్పొద్దు. నీకు నోట్లో నువ్వుగింజ నానదు.

ఆశీస్సులతో
చిన్నాయన


బెంగళూరు,
8 మార్చి 2009

చిన్నాయనా,

నీ ప్రశ్నలు మా విభాగంలో అందరికీ చదివి వినిపించాను. "ఆ గాదె ఏ పార్టీది" అన్నదానికి మా పెద్దసారు కళ్లద్దాలు తీసి మరీ నవ్వాడు.

అది ఏ పార్టీదీ కాదు. ఎవరి పేరునా ఉండదు. ఇందులో ఉన్నది ఫోటో. నువ్వు చదువుతుండగానే కడపలో ఒకరు, లండన్‌లో ఒకరు అదే పేజీ చదువుకోవచ్చు. తీసుకుపోవడమూ తిరిగి తేవడమూ లేవు. పట్టుకోవడానికి ఏమీ లేదు, దాచడానికి అంతకంటే లేదు. కొత్త పుస్తకాలు కొన్నింటికి మాత్రం హక్కుదారులు ఉంటారు కాబట్టి పేజీలు చూపించరు, ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పి ఊరుకుంటారు. నీ నవలకు ఆ బాధ లేదు.

రెండో సంపుటం మొత్తం అచ్చు తీసి, అట్ట వేసి, ఈ రోజే పార్సిల్ చేశాను.

ఒక్క సంగతికి నువ్వు తిడతావు, తిట్టు. నీ ఉత్తరం అందకముందే దిల్షాద్‌కు చెప్పేశాను. ప్రొద్దుటూరు కాలేజీ నాటి స్నేహం, దాని దగ్గర నేనేదీ దాచలేను. ఫోన్లోనే అరిచింది. హబీబుల్లా మామకు చక్కెర జబ్బుతో చూపు బాగా తగ్గిందట. ఓట్లు అయిపోగానే పులివెందులకు తన దగ్గరికి తీసుకుపోతుందట, ఇక ఊరికి పంపదట. "మా అబ్బాకు కథ మొదలు ఎవురన్నా చెప్తే బాగుండు, ఎన్ని దినాలైనా అదే మాట" అంది. అందుకని మామకు మొదటి సంపుటం కూడా అచ్చు తీస్తున్నాను. ఇరవై ఆరేళ్ల తర్వాతైనా రెండు గేర్లలోనూ పూర్తి పుస్తకం ఉంటుంది. ఎంత బాగుంటుందో ఆలోచించు!

చౌడేశ్వరి


ఎర్రబోడుపల్లె,
19 మార్చి 2009

చౌడేశ్వరికి,

నిన్ను ఎవరు చెప్పమన్నారు? వద్దని రాశాను కదా! అందకముందే చెప్పానంటావు. ఒక మాట అడిగి చెప్పడానికి ఏమైంది?

పార్సిల్ వచ్చింది. విప్పలేదు. విప్పను. బీరువా మీద పెట్టాను. హబీబుల్లాకు నువ్వేమీ పంపొద్దు. మొదటి సంపుటం అచ్చు తీసి ఉంటే నీ దగ్గరే ఉంచుకో.

ఇక్కడ ఎన్నికల వేడి మొదలైంది. రెండు గేర్లకూ మధ్య పోలీసులు డేరా వేశారు. వెంకటేశు జీపుల్లో తిరుగుతున్నాడు, పైగేరి పెత్తనమంతా ఇప్పుడు వాడిదే. ఎవరి ఇంటికి ఎవరు వచ్చారో, ఎవరు ఎవరితో మాట్లాడారో రాసుకునే మనుషులు రెండువైపులా ఉన్నారు. బెంగళూరులో కూర్చుని గాదెల కథలు చెప్పడం సులువే.

చిన్నమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది.

చిన్నాయన


బెంగళూరు,
28 మార్చి 2009

చిన్నాయనా,

ఈ ఉత్తరం రాయకూడదనుకున్నాను, కానీ రాయకుంటే నాకు అన్నం దిగేలా లేదు.

కిందగేరివాళ్లు జమ్మలమడుగు బస్టాండులో వేట కొడవళ్లతో నరికింది మా నాయనను. అప్పుడు నాకు పదిహేనేళ్లు. అమ్మ నన్ను ఎత్తుకుపోయినట్టు ప్రొద్దుటూరు తీసుకుపోయింది. ఆ వారంలోనే మన పైగేరివాళ్లు హబీబుల్లా మామ ఇల్లు కాల్చారు. ఆయన కొడవలి పట్టిన మనిషి కాదు, కత్తెర పట్టిన మనిషి. కిందగేరిలో ఉండటమే ఆయన నేరం. దిల్షాద్ కూడా ప్రొద్దుటూరుకే వచ్చి పడింది. కాలేజీలో మా ఇద్దరినీ ఒకే బెంచీలో వేశారు. మొదట్లో మొహాలు చూసుకోలేదు. ఒకరోజు నాకు జ్వరమొస్తే తన చున్నీ తడిపి నా నుదుటి మీద వేసింది. అంతే, అయిపోయింది పగ.

నాయన పోయింది నాకు. పంతం నీకా?

ఒక ముసలాయన చూపు పూర్తిగా పోకముందు ఒక కథ మొదలు తెలుసుకుంటే నీ పార్టీకి ఓట్లు తగ్గుతాయా? ఇరవై ఆరేళ్ల కిందటి పంపకాలు నాకు తెలియదు, నాకు అక్కర్లేదు. ఏప్రిల్ పదో తేదీన హబీబుల్లా మామకు మొదటి సంపుటం పోస్టు చేస్తాను. నువ్వు పైగేరి మనిషివి. నేను కాదు.

చిన్నమ్మకు నమస్కారాలు.

చౌడేశ్వరి


ఎర్రబోడుపల్లె,
4 ఏప్రిల్ 2009

నా తల్లీ చౌడీ,

నీ ఉత్తరం చిన్నమ్మకు చదివి వినిపించాను. "బిడ్డ సరిగ్గా గడ్డి పెట్టింది, తిను" అంది. నువ్వు తిట్టినది న్యాయమే, కానీ తప్పు మనిషిని తిట్టావు. నేనూ నోరు విప్పి చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు చెబుతాను.

మా అన్న పోయిన దుఃఖం నీది, నాది కాదంటావా? ఒకే కంచంలో తిన్నవాళ్లం. కానీ ఆ వారం మనవాళ్లు హబీబుల్లా ఇల్లు కాల్చడానికి పోతూ మా అన్న పేరు చెప్పి అరిచారు. "రామసుబ్బయ్య కోసరం!" అని. నేను మూడోరోజు కర్మలో కూర్చుని ఉన్నాను. ఆ పొగ మన మిద్దె మీదకే వచ్చింది. అందులో అతడి కుట్టుమిషన్, బిడ్డ బట్టలు, కిందగేరి వాటా పుస్తకాలు, అన్నీ ఉన్నాయి. మా అన్న పేరు మీద ఆ పని జరిగాక హబీబుల్లాకు నా మొహం ఎట్లా చూపించను? పార్టీలు చీలినప్పుడు కూడా బావి దగ్గర మేం చాటుగా ఒకటి రెండు క్షేమం మాటలు మాట్లాడుకునేవాళ్లం, కథలు చెప్పుకునే వ్యవధి ఉండేది కాదు. ఆ రోజుతో అదీ పోయింది.

నువ్వు పంపిన రెండో సంపుటం కిందగేరి వాటా. నాకు పంపకాల్లో వచ్చింది కాదు. మనవాళ్లు కాల్చిన పుస్తకాన్ని, నేను ఇంట్లో మంచమెక్కి చదువుకుంటే ఏమన్నట్టు? కాల్చినవాళ్లకే దక్కినట్టు కాదా? అందుకే విప్పలేదు. ఎవరి పేరున ఉంది అని నేను అడిగింది, హబీబుల్లా పేరున రాయించాలని. కిందగేరికి పొక్కకూడదన్నది, నా చేత్తో నేనే ఇవ్వాలని. అది తీసుకుపోతే అతడి గడప తొక్కడానికి నాకొక ముఖం ఉంటుంది. పోస్టులో నువ్వే అన్నీ పంపేస్తే నాకు ఏముందమ్మా తీసుకుపోవడానికి?

ఇప్పుడు దిల్షాద్ చెప్పేసింది కాబట్టి, పుస్తకం నా దగ్గరికి వచ్చిందని అతడికి తెలిసే ఉంటుంది. నేను దాచుకుని కూర్చున్నాననుకుంటున్నాడో ఏమో. ఆ ఆలోచనకే ఒళ్లు మండుతోంది.

నీ పోస్టు ఆపు. నేను పోతాను. ఓట్ల దాకా ఆగను. ఓట్లయ్యాక అతడు పులివెందులకు పోతాడు, అప్పుడు నేను పుస్తకం పట్టుకుని ఎవరి గడప దగ్గర నిలబడాలి?

చిన్నాయన


బెంగళూరు,
11 ఏప్రిల్ 2009

చిన్నాయనా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి బాత్రూములోకి పోయి ఏడ్చాను. ఎంత మాటన్నాను నిన్ను! క్షమించమని అడగను, నువ్వు ఎప్పుడో క్షమించి ఉంటావు.

పోస్టు ఆపాను. కానీ ఒక్క మాట విను. ఓట్ల ముందు మాత్రం పోవద్దు. ఈ వారం చేతిలో కట్ట పట్టుకుని ఆ గేరికి పోయే మనిషిని ఎవరూ ఊరికే వదలరు. బాంబులనుకుంటారు, లేదా ఓట్ల డబ్బనుకుంటారు. పులివెందులకు మనమిద్దరం కలిసి పోదాం, నేను సెలవు పెట్టి వస్తాను. నాకు ఇంట్లో ఇక పోగొట్టుకోవడానికి మగమనిషి నువ్వొక్కడివే ఉన్నావు.

జవాబు వెంటనే రాయి. లేదా ఆ ఫోన్ ఎత్తి "ఊఁ" అను చాలు.

చౌడేశ్వరి


ఎర్రబోడుపల్లె,
3 మే 2009

చౌడీ,

నీ ఉత్తరం వచ్చేటప్పటికి నేను పోయి రావడం అయిపోయింది. ఇన్ని రోజులు జవాబు రాయకపోవడానికి కారణం తీరిక లేకపోవడమే, చూడు ఎంత పనిమంతుణ్ణి అయ్యానో.

పట్టపగలు పోయాను. సందుల్లో పోతే దొంగ అంటారు. నడివీధిలో, కట్టను నెత్తిన పెట్టుకుని, అందరికీ కనపడేలా పోయాను. వెంకటేశు జీపు ఆపి, "సుబ్బయ్య మామా, యాడికి పోతాండావు? నెత్తిన ఏంది?" అన్నాడు. "కిందగేరికి. వాళ్ల సొత్తు వాళ్లకు ఇచ్చేకి" అన్నాను. "ఎలచ్చన్లప్పుడు ఇట్లాంటియి పెట్టుకోవద్దు, బాగుండదు" అన్నాడు. "బాగుండని పన్లు చేసేవాళ్లం మేం కాదులేరా, ఆ పని మీకు ముందే అప్పజెప్పినాం" అని ముందుకు నడిచాను.

డేరా దగ్గర పోలీసులు ఆపారు. నువ్వన్నట్టే, బాంబులేమోనని అందరూ పక్కకు జరిగారు. ఒక కానిస్టేబుల్ కట్టెతో తాడు తప్పించి చూశాడు. కాగితాలు! ఓటరు లిస్టా అన్నాడు. కథల పుస్తకమన్నాను. నమ్మలేదు. నిలబడి ఒక పేజీ చదివాడు, ఇంకో పేజీ తిప్పబోయాడు. "సార్, నేనే ఇంగా చదవలేదు, మీరు చదివితే ఎట్ల?" అని లాక్కున్నాను. నేను విప్పకూడదనుకున్న కట్టను ప్రభుత్వమే విప్పింది. ఆ దోషం నాది కాదు.

హబీబుల్లా అరుగు మీద మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. చూపు ఆనకపోయినా కాలు తొక్కుతూనే ఉంది. చేతులతో తడిమి గుడ్డ జరుపుతున్నాడు. నేను అరుగు ముందు నిలబడ్డాను.

"ఎవురది?" అన్నాడు.

"నేనేప్పా. సుబ్బయ్యను."

మిషన్ ఆగింది. లోపల్నుంచి అతడి భార్య పీరాంబీ వచ్చి, నన్ను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీ ఇంట్లో కాలిపోయిందానికి నకలు తెచ్చినా" అన్నాను. "మీ వాటా. నేను సదవలేదు. మా చౌడి పంపించె."

అతడు కట్ట మీద చెయ్యి వేసి అంచులు తడిమాడు. "కుట్టు బాగలేదు" అన్నాడు. తర్వాత, "మీ యన్న పోయిన దినం నేను రాల్యా సుబ్బయ్యా. రావాల్నని గడప దాటినా, మావోళ్లు పట్టుకోని లోపల కూసోబెట్టిరి. ఆ మాట నీతో చెప్పాల్నని ఇన్నేండ్లు సూస్తాండా" అన్నాడు. అతడి ఇల్లు కాలిననాడు నేను పోలేదని, నేను అతడితో చెప్పాలని పోయిన మాట కూడా ఇలాంటిదే. నా నోటి నుంచి రాకముందే అతడి నోటి నుంచి వచ్చింది. ఇద్దరమూ ఏడ్చాం తల్లీ, కిందగేరి నడివీధిలో, రెండు పార్టీలవాళ్లూ చూస్తుండగా. రాయడానికి నాకు సిగ్గేమీ లేదు.

పీరాంబీ టీ తెచ్చింది. "నాకు కాయితం తెల్లగా అవుపడతాది, అంతే. నువ్వు సదువు" అన్నాడు. నేను సంతోషంగా మొదటి పేజీ తిప్పాను. నా చేతి మీద చెయ్యి వేసి ఆపాడు. "ఉండు. ఇది నాకు నోటికి వస్తాది. ముందు మీ వాటా తీస్కరాపో. ఆ పాప ఎవురి కూతురో నాకు తెల్యాల."

ఇంటికి పోయి మొదటి సంపుటం తెచ్చాను. అది ఎనభై మూడులో పైగేరికి వచ్చాక మళ్లీ కిందగేరికి పోవడం ఇదే మొదలు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం పోతున్నాను. నాయిక అనాథ కాదని తేలినరోజు కిందగేరిలో పెద్ద గలాటా అయింది. "మా హబీబుల్లా సెప్పిందే బాగుండాది, నీది అబద్దం" అని కేకలు వేశారు. పుస్తకం చూపించాను. పుస్తకం పైగేరిది కాబట్టి నమ్మేది లేదన్నారు. ఏదైనా గొడవైతే నువ్వన్న ఆ గాదెలోంచి మొదటి సంపుటం తీసి చూపిస్తే సరిపోతుంది, అది ఏ గేరిదీ కాదు కదా. ఆ అచ్చు పంపు. ఈసారి నా మాట మీదే పంపు.

అన్నీ చక్కబడ్డాయని రాయను. వెంకటేశు నాతో మాట మానేశాడు. మన గేరిలో పెళ్లికి పిలవలేదు. ఓట్ల రోజు రెండు వైపులా తలలు పగిలాయి. అయినా నేను నడిచి పోతుంటే ఎవరూ అడ్డం రావడం లేదు. మన గేరి ఆడవాళ్లు ముగ్గురు నలుగురు డేరా దాకా వచ్చి, అక్కడే నిలబడి వింటున్నారు. ఆ కానిస్టేబుల్ కూడా.

హబీబుల్లాకు కాలిపోయిన పుస్తకాల పేర్లన్నీ గుర్తున్నాయి. చెబుతుంటే రాశాను, దీంతోపాటు పంపుతున్నాను. ఎన్ని దొరికితే అన్ని వెతుకు. గొర్రెల జబ్బుల మీద ఒకటుంది, అది నాకు కావాలి. పేజీలు చూపించనివి ఉంటే ఉన్నాయని చెప్పు చాలు, లోకంలో ఎక్కడో ఉన్నాయని తెలిస్తే అతడు నెమ్మదిగా ఉంటాడు.

నిన్న దిల్షాద్ పులివెందుల నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చింది, తండ్రిని తీసుకుపోదామని. సామాను కూడా సర్దింది. హబీబుల్లా కదల్లేదు. "ఓడ ఇంగా రేవు దాటల్యా బిడ్డా. దాటినాక వస్తాలే" అని ఆటో తిప్పి పంపించాడు. పోతూ పోతూ ఆ పిల్ల నా వైపు తిరిగి, "చిన్నాయనా, ఇంగా ఎన్ని దినాలు పడతాది?" అంది.

పుస్తకం పెద్దదమ్మా, అన్నాను. కావాలనే మెల్లగా చదువుతున్నాను.

చిన్నాయన